27 ఏళ్ల యాంప్లిఫయర్ రిపేరు: ఏం పాడైంది, ఏం పాడవలేదు

సెట్టు 1997లో కొన్నది. ఛానెల్‌కి 60 వాట్ల స్టీరియో యాంప్లిఫయర్, 8 అంగుళాల ఊఫర్లున్న రెండు స్పీకర్లు, ఒక సీడీ ప్లేయర్. ఇల్లు విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపే. రోజుకి మూడు నాలుగు గంటలు మోగేది. ఇన్నేళ్లలో ఒక్క ఫ్యూజు తప్ప ఏమీ మార్చలేదు.

2024 జూన్‌లో ఎడమ ఛానెల్ దాగుడుమూతలు మొదలుపెట్టింది. రాత్రిపూట వాల్యూమ్ తగ్గించి పెడితే ఎడమ స్పీకర్ మెల్లగా సన్నగిల్లి ఆగిపోయేది. వాల్యూమ్ ఒక్కసారి పెంచితే చటుక్కున వచ్చేది, మళ్లీ తగ్గించినా ఓ అరగంట బాగానే ఉండేది. స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తే మౌనం కుడి స్పీకర్‌కి వెళ్లింది. అంటే లోపం స్పీకర్‌లో లేదు, యాంప్‌లో ఉంది. ఎవరికి చూపించేముందైనా ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. యాంప్ ఆపి వైర్లు మార్చడమే, రెండు నిమిషాల పని. ఆగస్టు వచ్చేసరికి కుడి ఊఫర్ కూడా బేస్ దగ్గర గరగరమనడం మొదలైంది. గుడ్డ జాలీ తీసి చూస్తే కోను చుట్టూ ఉండే ఫోము రింగు వేలు తగిలితే చాలు, ఎండిన కేకు ముక్కలా పొడిపొడిగా రాలిపోతోంది. ఎడమది కూడా అదే దశలో ఉంది, కాకపోతే ఇంకా చిరగలేదు.

ఆగస్టు 12న యాంప్‌ని ఊళ్లోనే ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ‘రెండు రోజుల్లో చెబుతానండి’ అన్నారు. రెండు కాస్తా పంతొమ్మిది రోజులయింది. ఆగస్టు 31న వచ్చిన జవాబు: ‘ఐసీ పోయిందండి, ఈ మోడల్‌కి దొరకదు. రెడీమేడ్ బోర్డు వేసేద్దాం, ఆరున్నర వేలవుతుంది.’ నిజానికి ఈ సెట్టులో ఔట్‌పుట్ ఐసీయే (స్పీకర్‌ని నడిపే సర్క్యూటంతా ఇమిడి ఉండే ఒకే చిప్) లేదు. ఛానెల్‌కి ఒక జత చొప్పున ట్రాన్సిస్టర్లు, అంతే. చెకింగ్ ఛార్జీ 300 కట్టి వెనక్కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే పైమూత స్క్రూలు ఆరింటికి నాలుగే ఉన్నాయి. వాల్యూమ్ నాబ్ చుట్టూ బైకు షెడ్డుల్లో తుప్పుకి కొట్టే స్ప్రే వాసన. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. పాడైన దానికన్నా, చెయ్యి పెట్టి చెడగొట్టిన దానికే ఎక్కువ బాధ.

సెప్టెంబరు 13 సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. యాంప్ 11 కిలోలు. పాత దుప్పటి చుట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు కిందికి వాలకుండా బెర్తు కింద అడ్డంగా పెట్టాను. స్పీకర్ డబ్బాలు మోయలేదు. వాటి సంగతి ఇంటి దగ్గరే చూసుకోవచ్చని వదిలేశాను.

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంటే ఎలక్ట్రానిక్స్ పార్టులకి పెట్టింది పేరు. తెలిసినవాళ్లు చెప్పిన మెకానిక్ ఆ చుట్టుపక్కలే ఒక మెట్లదారి మీద ఉంటాడు. 14 శనివారం మధ్యాహ్నం ఇచ్చాను. ఆదివారం సెలవు. నేను లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది: 17 మంగళవారం గణేశ్ నిమజ్జనం. ఊరేగింపులు అటే వెళ్తాయి కాబట్టి ఆ రోజు షాపుల షట్టర్లు లేవవు. అసలు పని 18 బుధవారం మొదలైంది. ఆ సీజన్లో వెళ్లేవాళ్లు ఈ రోజులు కలుపుకుని టికెట్ తీసుకోండి.

ఆయన ముందు ప్లగ్గు నేరుగా పెట్టలేదు. సిరీస్ బోర్డు మీద పెట్టాడు. అంటే కరెంటు 100 వాట్ల పాతకాలపు బల్బు గుండా వెళ్లి సెట్టుకి చేరుతుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం భగ్గుమని వెలిగి ఎర్రటి పోగులా తగ్గిపోతే లోపల షార్ట్ లేనట్టే, పెద్ద కెపాసిటర్లు (కరెంటు చార్జుని నిల్వ చేసే డబ్బాల్లాంటి పార్టులు) చార్జయ్యాయంతే. వెలుగు తగ్గకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టరో, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ డయోడో షార్టయిందని అర్థం. మాది తగ్గింది. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష పనిచేయదు, తీగ బల్బే కావాలి.

తర్వాత స్పీకర్లు తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజి చూశాడు. ఎడమ 18 మిల్లీవోల్టులు, కుడి 74. యాభై లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 74తో స్పీకర్ కాలిపోదు, కానీ లోపల ఏదో జారుతోందని చెప్పే అంకె అది. విచిత్రమేమంటే నేను ఫిర్యాదు చేసింది ఎడమ ఛానెల్ గురించి.

ఎడమ లోపం పట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. సెట్టు ఆన్ చేశాక నాలుగైదు సెకన్లకి ‘టక్’మని వినిపిస్తుంది చూశారా, అది స్పీకర్ రిలే. యాంప్ లోపల ఏదైనా తేడా వచ్చి ఔట్‌పుట్‌లో డీసీ కనిపిస్తే స్పీకర్‌ని విడగొట్టి కాపాడేది అదే. పక్కన పడేసిన ఒక తుక్కు స్పీకర్ తగిలించి, ఆగిపోయేంత సన్నగా వాల్యూమ్ పెట్టి, ఆ రిలే కాంటాక్టుల మీద ఒక క్లిప్పు వైరు వేశాడు. పాట వచ్చేసింది. వైరు తీస్తే పోయింది. అంత దూరం మోసుకొచ్చింది దీనికోసమా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కవరు కోసి చూపించాడు. బఠాణీ గింజలో సగం ఉండే రెండు కాంటాక్టులు, తళతళలాడాల్సినవి, నల్లగా మసి పట్టి మధ్యలో చిన్న గుంటలు పడి ఉన్నాయి. మీటరు పెడితే మూతపడిన స్థితిలో కూడా రెసిస్టెన్సు 3 ఓముల నుంచి 40 దాకా ఊగుతోంది. పాయింట్ ఒకటి కూడా దాటకూడదు. వాల్యూమ్ పెంచితే ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఆ మసి పొరని చీల్చడానికి చిన్న సిగ్నల్‌కి బలం చాలదు, పెద్ద సిగ్నల్‌కి చాలుతుంది. ఒకసారి చీలాక కాసేపు దారి తెరిచే ఉంటుంది. సముద్రపు గాలి దీన్ని త్వరపెట్టిందనే నా నమ్మకం.

చాలాచోట్ల ఆ కాంటాక్టుల్ని పాలిష్ పేపరుతో గీకి మళ్లీ మూసేస్తారు. కొన్ని నెలలు పనిచేస్తుంది. పైనున్న పలుచటి పూత గీకుడుకి పోతుంది కాబట్టి రెండోసారి మసి ఇంకా తొందరగా పడుతుంది. కొత్త రిలే 140 రూపాయలు. దానికోసం గల్లీలో ఐదు షాపులు ఎక్కి దిగాం. కాయిల్ 24 వోల్టులది కావాలి, చూపించేవేమో ఎక్కువగా 12. రెండు ఛానెళ్లకి రెండు జతల కాంటాక్టులుండాలి. అన్నీ కుదిరినా కాళ్ల అమరిక కుదరదు. పాత రిలేని జేబులో వేసుకుని వెళ్లకపోతే ఐదు కాదు, పది షాపులు తిరిగేవాళ్లం.

ఇక కెపాసిటర్లు. పవర్ సప్లైలో 10,000 మైక్రోఫారడ్, 50 వోల్టుల డబ్బాలు రెండున్నాయి. వాటి అడుగున గోధుమ రంగు జిగురు కారినట్టు గట్టిపడి ఉంది. అవి లీకయ్యాయని ఇంటి దగ్గరే తీర్మానించుకుని, కొత్తవి రెండు ఆన్‌లైన్‌లో ధర కూడా చూసి పెట్టుకున్నాను. ఆయన ఒక్కటి ఊడదీసి కొలిచాడు: 9,200. ‘పెద్ద కండెన్సర్లు మంచిగనే ఉన్నయ్ సార్. ఊకె ఎందుకు మారుస్తరు? అది లీకు కాదు, కంపెనీల పెట్టిన గమ్ము.’ ఫ్యాక్టరీలో డబ్బాలు కదలకుండా పోసే జిగురట. మొదట లేత పసుపుగా ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ముదిరి గోధుమ రంగుకి తిరిగాక అది కరెంటుని కొద్దికొద్దిగా పారనిస్తుంది, పక్కనున్న తీగల కాళ్లని కూడా తినేస్తుంది. అందుకని దాన్ని చిన్న ఉలిలాంటి దానితో చెక్కి, స్పిరిట్‌తో తుడిచాడు. కింద ఒక డయోడ్ కాలు సగానికి తరిగిపోయి పచ్చగా ఉంది. అది మార్చాడు.

పాడైనవి చిన్న కెపాసిటర్లు. వేడెక్కే రెసిస్టర్ల పక్కనున్నవన్నీ ఎండిపోయాయి. 47 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది మీటరులో 21 చూపించింది. వేడికి దూరంగా, చల్లటి మూలలో ఉన్న అదే సైజుది 45 చూపించింది. వయసు ఒక్కటే, చోటే తేడా. లెక్క ఇలా ఉంటుంది. మామూలు రకం కెపాసిటర్ 85 డిగ్రీల వేడిలో 2,000 గంటలు అని రాసి ఉంటుంది. పది డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. 55 డిగ్రీల దగ్గర 16,000 గంటలు, అంటే రోజుకి నాలుగు గంటల వాడకంలో దాదాపు 11 ఏళ్లు. 45 దగ్గర ఉంచగలిగితే 22 ఏళ్లు. యాంప్ మీద సెట్‌టాప్ బాక్సు పెట్టి గాలి రంధ్రాలు మూయడం అంటే ఈ లెక్కలో సగం కొట్టేయడమే. మా ఇంట్లో పదేళ్లు అలాగే పెట్టాం.

మొత్తం 34 చిన్న కెపాసిటర్లు, అన్నీ 105 డిగ్రీల రకం, 655 రూపాయలు. విలువ అదే ఉండాలి. వోల్టేజి సమానంగానో ఒక మెట్టు ఎక్కువగానో ఉన్నా ఫర్వాలేదు, తక్కువ పనికిరాదు. కొనేటప్పుడు ఎత్తు, కాళ్ల మధ్య దూరం చూసుకోవాలి. రెండు పొడవైనవి పైమూతకి తగిలి వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కోటి తీసి, దిక్కు చూసి, వెంటనే కొత్తది పెట్టాడు. అన్నీ ఒకేసారి పీకితే ప్లస్ మైనస్ ఎటో తికమకపడతామని. బోర్డు మీద గీత గుర్తులు కూడా ఒకచోట తప్పుగా అచ్చయి ఉన్నాయి, పాత కెపాసిటర్ ఫోటో చూసే సరిదిద్దాడు. కుడి ఛానెల్ 74 మిల్లీవోల్టుల కథ కూడా ఇక్కడే తేలింది. ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపే ఫీడ్‌బ్యాక్ దారిలో ఉన్న 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ డీసీని ఆపాల్సింది పోయి కారుతోంది. అది మార్చాక 12కి దిగింది.

ఇంట్లో మూత తీసేవాళ్లకి ఒక మాట. ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ పెద్ద డబ్బాల్లో చార్జు ఉంటుంది. మా సెట్టులో ఒక్కోదానిలో 40 వోల్టుల పైచిలుకు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి దింపితే మెరుపొచ్చి కాంటాక్టు కరిగిపోతుంది. 100 ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ని వైర్లకి కట్టుకుని పది సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

డ్రై సోల్డర్లు, అంటే పగిలి పట్టు వదిలిన టంకాలు, ఏడు దొరికాయి. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ వెంట్రుకంత వలయం కనిపిస్తుంది. అన్నీ వేడెక్కేవాటివో బరువైనవాటివో: రెగ్యులేటర్, పెద్ద రెసిస్టర్లు, వెనకాల స్పీకర్ టెర్మినల్స్. పాత సీసం పూర్తిగా లాగేసి కొత్తది పెట్టాడు. పాతదాని మీదే కాస్త పూస్తే మళ్లీ పగులుతుందట.

వాల్యూమ్ కంట్రోల్‌కి మొదటి షాపులో కొట్టిన తుప్పు స్ప్రే జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పట్టింది. స్పిరిట్‌తో కడిగి, ఎలక్ట్రానిక్స్ కాంటాక్టులకి వాడే క్లీనర్ రెండు చుక్కలు వేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి నలభై సార్లు తిప్పాడు. ఆ డబ్బా 450. ఖరీదనిపించింది గానీ మిగిలింది ఇంటికి తెచ్చుకున్నాను, స్విచ్చులన్నిటికీ సరిపోయింది.

ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎలాగూ విప్పాం కదా, కొత్తవి వేసేద్దామా అని నేనే అడిగాను. వద్దన్నాడు. 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 అనే జత పేరు మీద నకిలీలు కుప్పలుగా ఉన్నాయి. పైకి తేడా తెలియదు, పగలగొట్టి చూస్తే లోపల సిలికాన్ ముక్క ఉండాల్సిన దానిలో సగం కూడా ఉండదు. గట్టిగా మోగించిన రోజున షార్టవుతాయి. పనిచేస్తున్న అసలుది తీసి అనుమానం ఉన్నది పెట్టడం తెలివి కాదు. ఎండి సున్నంలా అయిన హీట్‌సింక్ పేస్టు తుడిచి కొత్తది పలచగా రాసి, మైకా రేకులు మార్చాడు. 60 రూపాయలు.

చివరిది బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు. 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టర్లు రెండింటి కొసల మధ్య 11 మిల్లీవోల్టులు రావాలి, అంటే 25 మిల్లీయాంపులు. ఎడమ 9, కుడి 19 ఉన్నాయి. కుడివైపు ఎక్కువ వేడెక్కడానికి అదే కారణం. పదిహేను నిమిషాలు మోగించి, వేడెక్కాక బోర్డు మీదుండే ప్రీసెట్ అనే చిన్న తిప్పుడు రెసిస్టర్ తిప్పి సరిచేశాడు. చల్లగా ఉన్నప్పుడు సరిచేస్తే వేడెక్కాక అంకె మారిపోతుంది.

ఆ బెంచీ పక్కన కూర్చున్న గంటల్లో వేరేవాళ్ల సెట్లు కూడా చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఎవరో తీర్పు చెప్పిన యాంప్‌లో పోయింది చుట్ట పొరల మధ్య దాచిన థర్మల్ ఫ్యూజు మాత్రమే. ఒక సబ్‌ఊఫర్‌లో ఎప్పుడూ కరెంటులో ఉండే స్టాండ్‌బై సప్లై చిన్న కెపాసిటర్ ఉబ్బింది. దాన్ని వాడేది వారానికోసారి, అది పనిచేసేది రోజుకి 24 గంటలు. ఒక హోమ్ థియేటర్ రిసీవర్‌కి మాత్రం చేతులెత్తేశాడు. పిడుగు డిష్ కేబుల్లోంచి సెట్‌టాప్ బాక్సుకి, దాన్నుంచి హెచ్‌డీఎంఐ తీగలోంచి రిసీవర్‌కి చేరింది. యాంప్ భాగం అంతా బాగుంది, బోర్డు దొరకదు. అది పదేళ్ల సెట్టు. నా 27 ఏళ్లదాన్ని చూసి దాని యజమాని ముఖం తిప్పుకున్నాడు.

సెప్టెంబరు 28న తెచ్చుకున్నాను. మజూరీ 1,800.

ఊఫర్ల ఫోముకి వేరే యుద్ధం. కోఠిలో అడిగినచోటల్లా కోను మొత్తం మార్చేస్తామన్నారు. కొత్త కాగితం బరువు వేరు, బిగుతు వేరు. క్రాస్‌ఓవర్ (బేస్‌నీ సన్నటి శబ్దాల్నీ వేరు చేసే సర్క్యూటు) పాతదే కాబట్టి గొంతు మారిపోతుంది. ఫోము రింగు ఒక్కటే వేయాలంటే 8 అంగుళాలు అని చెబితే సరిపోదు. కోను బయటి అంచు, మడత వెడల్పు, ఫ్రేము లోపలి అంచు, బయటి అంచు నాలుగూ మిల్లీమీటర్లలో కొలవాలి. దొరికిన రబ్బరు రింగులు బరువుగా, బిగువుగా ఉన్నాయి. సెప్టెంబరు 19న విదేశం నుంచి జత ఆర్డరు పెడితే అక్టోబరు 17న వచ్చింది. ధర 1,900, దాని మీద సుంకం 640. సుంకం సంగతి పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి చెప్పేదాకా తెలియదు.

19, 20 తేదీల్లో ఇంట్లోనే అతికించాను. పాత ఫోము గీకడానికే మూడు గంటలు. కోను అంచున మిగిలిన బంక స్పిరిట్ తడిపిన గుడ్డతో కొంచెం కొంచెంగా తీయాలి, ఎక్కువ తడిస్తే కాగితం మెత్తబడుతుంది. తెల్ల జిగురు 90 రూపాయలు. ముందు ఫోముని కోనుకి అతికించి రాత్రంతా వదిలేశాను. మర్నాడు ఫ్రేముకి. ఇక్కడే అసలు చిక్కు. వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో సరిగ్గా మధ్యలో నిలబడాలి. జిగురు తడిగా ఉండగానే ఊఫర్‌ని యాంప్‌కి కలిపి, ఫోన్లోంచి 30 హెర్ట్జ్ శబ్దం చాలా తక్కువగా పెట్టాను. మొదటిది నిశ్శబ్దంగా ఊగింది. రెండోది ఊగినప్పుడల్లా సన్నగా ‘స్ స్’మని గీసుకుంది. ఒకవైపు ఫోము మిల్లీమీటరు జరిగింది, అంతే. జిగురు పట్టేస్తోంది, చేతులు వణుకుతున్నాయి. ఆ భాగం మేరకి లేపి, రెండు బొటనవేళ్లతో ఎదురువైపుకి జరుపుతూ పోతే ఒక చోట గీసుకోవడం చప్పున ఆగిపోయింది. వెంటనే బట్టల క్లిప్పులు పెట్టేశాను. 24 గంటలు ముట్టుకోలేదు.

సీడీ ప్లేయర్ సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. ట్రే బయటికి రాకపోవడానికి కారణం సాగిన బెల్టు, అది మార్చాక వచ్చింది. లేజర్ బలహీనపడింది, దొరికే నకలు లేజర్ల మీద నమ్మకం కుదరక అలమారలో పెట్టేశాను.

మొదటి షాపు 300 కలిపి, రైలు ఖర్చు కలపకుండా మొత్తం 6,035 రూపాయలు.

అక్టోబరు 22 సాయంత్రం అంతా బిగించి పెట్టాను. బేస్ మొదటి రెండు మూడు రోజులు బిగుసుకున్నట్టుంది, ఫోము సాగాక సర్దుకుంది. నవంబరు రెండో వారంలో ఒక రాత్రి ఎడమ స్పీకర్ మళ్లీ సన్నగిల్లి ఆగిపోయింది. గుండె జారిపోయింది. టార్చి పట్టుకుని వెనక్కి వెళ్లి వైర్లు మార్చి చూస్తే ఈసారి మౌనం ఎడమ స్పీకర్ దగ్గరే ఆగింది. స్పీకర్ వెనక టెర్మినల్‌లో ఉన్న రాగి తీగ కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. అంగుళం కత్తిరించి, కొత్త రాగి తేలేలా ఒలిచి మళ్లీ బిగించాను. పాట మధ్యలోంచి అందుకుంది.